తొట్టిలోంచి ఎత్తినవాడు

ఆవిస్‌ను మొన్న పూడ్చి వచ్చాం. చర్చి వెనక గోడవారగా, పిల్ల పక్కనే. వీధి వీధంతా వచ్చింది గానీ ఎవరూ పెద్దగా ఏడవలేదు. బతికున్నన్నాళ్ళూ ఆవిస్ ఎవరి ముందూ కంట తడి పెట్టిన మనిషి కాదు. మనం ఏడిస్తే లేచి ఏమంటుందోనన్నట్టు అందరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఇంటికొచ్చి చూస్తే పొద్దున కలిపి పెట్టిన పిండి పొంగి తొట్టి అంచు దాటి కిందికి జారుతోంది. కూర్చుని దాన్ని ఎత్తి మళ్ళీ పిసికాను. నాకూ ఏడుపు రాలేదు.

మాది యార్క్ నగరంలో ఫాస్ ఏటి ఒడ్డు వీధి. కంపుకొట్టే పనులు చేసేవాళ్ళందర్నీ పెద్దమనుషులు ఎప్పుడో ఈ మూలకి తోసేశారు. ఆవిస్‌ది కసాయివాళ్ళ దగ్గర కొవ్వు కొని, కరిగించి, కొవ్వొత్తులు చేసే పని. ఆమె ఇంటిగోడకు ఆనుకునే థర్‌స్టన్ కొట్టు. ఎద్దుకొమ్ములు ఉడకబెట్టి, చీల్చి, పలచగా నొక్కి లాంతర్లకు రేకులు చేస్తాడు. ఒకరిది కొవ్వు కంపు, ఇంకొకరిది కొమ్ము కంపు. ఎవరి ముక్కుకీ ఎవరిదీ తెలిసేది కాదు. వాళ్ళకి ఎదురుగా మా రొట్టెల పొయ్యి. వీధి మొత్తానికి మంచి వాసన వచ్చే ఇల్లు మాదొక్కటే కాబట్టి ఊసుపోనివాళ్ళందరూ మా గుమ్మంలోనే చేరతారు. అందుకే నాకు తెలియని సంగతి ఈ వీధిలో లేదు.

ఆవిస్ మొగుడు హామో మంచివాడు. అంతకుమించి అతని గురించి చెప్పడానికి నాకు ఏమీ తోచదు. పెళ్ళయిన చాలాకాలానికి ఆవిస్ కడుపున పిల్ల పడింది. నెలలు నిండకుండానే పుట్టింది. మైనపొత్తుల పండగ ముందు రోజు అది. ఏటి మీద మంచు కట్టి ఉంది. మంత్రసాని పిల్లను చూసి, సాయంత్రం దాకా ఆగేలా లేదు, ఇప్పుడే జ్ఞానస్నానం చేయించుకురండి అంది. స్నానం కాకుండా పోతే చర్చి నేలలో పూడ్చనివ్వరు. తల్లి శుద్ధి కాకుండా చర్చి గడప తొక్కకూడదు కాబట్టి ఆవిస్ మంచం మీదే ఉండిపోయింది. జ్ఞానతల్లులుగా నేనూ, ఇప్పుడు లేని ఇంకొకావిడా పిల్లను తీసుకుని చర్చికి పరిగెత్తాం. జ్ఞానతండ్రిగా ఉంటానన్నవాడు జెర్వాస్. హామోకి పినతండ్రి కొడుకు, గుర్రాల జీన్లు కుడతాడు. వాడు ఎంతకీ రాలేదు.

"జెర్వాస్ ఏడే?" అన్నాడు ముసలి అయ్యగారు.

"వస్తన్నాడండి. గడ్డం గీయించుకుంటన్నాడంట," అన్నాను.

"స్నానం పిల్లకా, వాడి గడ్డానికా?"

పిల్ల పెదాలు నీలంగా అయిపోతున్నాయి. అయ్యగారు చుట్టూ చూశాడు. మర్నాటి పండగ కోసం చర్చి లాంతరుకి కొత్త రేకు వేస్తూ థర్‌స్టన్ పక్కనే బల్ల మీద ఎక్కి ఉన్నాడు. అప్పటికి కుర్రాడే, పెళ్ళి కాలేదు.

"ఒరే కొమ్ములోడా, దిగరా. చేతులు తుడుచుకుని ఇటురా. ఈ పిల్లని ఎత్తాలి నువ్వు."

"నేనాండీ? నాకు పిల్లల్ని పట్టుకోవడం రాదండి."

"లాంతరు పట్టుకోవడం వచ్చుగా? అలాగే పట్టుకో. కింద పడెయ్యకు, అంతే."

అయ్యగారు పిల్ల నాలిక మీద ఉప్పు వేశాడు. జ్ఞానస్నానపు తొట్టి అంచున మంచు పగలగొట్టి పిల్లను నీళ్ళలో ముంచాడు. థర్‌స్టన్ ఎత్తాడు. అది ఏడవలేదు. కళ్ళు కూడా తెరవలేదు. పోయిందేమో అనుకుని నేను ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి ఆడుతోంది. తెల్లబట్ట చుట్టగానే థర్‌స్టన్ దాన్ని తన పొట్ట మీది తోలుగుడ్డ లోపలికి దూర్చి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. ఇడోనియా అని నా పేరే పెట్టారు. తర్వాత అందరం ఇడోనీ అనేవాళ్ళం. మేం గుమ్మం దాటుతుండగా జెర్వాస్ వచ్చాడు. నున్నటి గడ్డం, కొత్త టోపీ, చేతిలో పిల్లకి వెండి చెంచా.

"నా చోట వీడెవడు?" అన్నాడు. ఆ మాట ఆ తర్వాత కొన్నేళ్ళపాటు ప్రతి తాగుడు కొట్లోనూ అంటూనే ఉన్నాడు.

తొట్టిలోంచి ఎత్తినవాడు పిల్లకు తండ్రి. పిల్ల తల్లికి తోబుట్టువు లెక్క. అక్కడినుంచి అతనికీ తల్లికీ పెళ్ళి వరస కాదు. ఇది మాకు పాలు తాగే వయసునుంచీ తెలిసిన సంగతే. ఆ రోజు మాత్రం అది ఎవరికి పట్టింది? మొగుడు గుండ్రాయిలా ఇంట్లో ఉన్నాడు. పిల్ల బతికితే చాలనుకున్నాం.

పిల్ల బతికింది. మంత్రసాని మాట అబద్ధం చేసింది. నడక వచ్చేనాటికి హామో చలిజ్వరంతో పోయాడు. ఆవిస్ ఆ పనంతా ఒంటిచేత్తో నెట్టుకొచ్చింది. ఒక కర్రకి వత్తులు వరసగా కట్టి, కరిగిన కొవ్వులో ముంచి, తీసి, ఆరబెట్టి, మళ్ళీ ముంచడం. ముంచినప్పుడల్లా కాస్త లావెక్కుతుంది. రోజంతా అదే. పిల్ల కాళ్ళకి అడ్డం పడుతుంటే పక్కకొట్లోకి పంపేది. అది థర్‌స్టన్‌ని "కొమ్ముల నాన్నా" అని పిలిచేది. అతను దానికి అరచేతిలో పట్టే లాంతరు ఒకటి చేసి ఇచ్చాడు. దాని రేకులోంచి చూస్తే లోకమంతా తేనెరంగులో కనపడుతుంది. ఆ పిల్ల దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని మా ఇంటికొచ్చి, "పెద్దమ్మా, నీ రొట్టెలు మాడిపోయాయి" అని నవ్వేది.

నాలుగో ఏట ఉపవాసకాలంలో దానికి దగ్గు పట్టుకుంది. థర్‌స్టన్ మొక్కుకి గుర్తుగా దాని నుదుటి మీద నాణెం వంచి, తగ్గితే పెద్ద చర్చిలో మా విలియం పునీతుడి సమాధికి కాలినడకన తీసుకెళ్తానని మొక్కుకున్నాడు. తగ్గలేదు. ఒక మధ్యాహ్నం పూట, ఆవిస్ నీళ్ళు తేవడానికి లేచి మళ్ళీ కూర్చునేలోపు పోయింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు, అలా అయింది ఆవిస్ బతుకు. కానీ ఆ మనిషి ముఖంలో ఏమీ కనపడలేదు. పిల్లను పూడ్చి వచ్చిన రోజే కర్ర తీసుకుని కొవ్వు దగ్గర నిలబడింది. నేను రొట్టె పట్టుకెళ్ళాను.

"ఒసే, కాసేపు ఆపవే. చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఆపితే కొవ్వు గడ్డకట్టేస్తదక్కా."

"కట్టనీ!"

"మళ్ళీ కరిగించాలిగా," అంది.

వీధిలో ఆడవాళ్ళు, అది గుండె కాదు బండ అన్నారు. నేనూ అన్నాను. చెప్పొద్దూ, నాకు భయం కూడా వేసింది. పాడె చుట్టూ వెలిగించిన ఒత్తులు ఆమె చేసినవి కావు. దేవుడి ముందు తేనెమైనమే వెలగాలి, పశువు కొవ్వు చర్చి లోపలికి రాకూడదు. పగలూ రాత్రీ ఒత్తులు ముంచే మనిషి, కూతురికోసం పై వీధికెళ్ళి మైనపొత్తులు కొనుక్కొచ్చింది. అవి కొనేటప్పుడు వత్తి సరిగా లేదని ఆ కొట్టువాడితో వాదించిందట కూడా.

ఎండాకాలం వచ్చింది. ఒకరోజు నేను రొట్టె ఇవ్వడానికి వెళ్ళేసరికి థర్‌స్టన్ ఆమె గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆవిస్ ఒత్తులు ముంచుతూ, తలెత్తకుండానే అంది.

"థర్‌స్టన్, ఆ రోజు సంగతి చెప్పు."

"ఏ రోజు?"

"దాన్ని నువ్వెత్తిన రోజు. దాని బతుకు మొత్తంలో నేను చూడంది ఆ ఒక్కపూటే. నేను మంచం మీదున్నాగా."

అతను కాసేపు గొంతు సవరించుకున్నాడు. మాటకారి కాదు. "తొట్టి అంచున మంచుంది," అన్నాడు. "అయ్యగారు ముంజేత్తో పగలగొట్టాడు. నేను బల్ల దిగా. చేతులు కంపు కొడతాయేమోనని భయం. నీళ్ళలోంచి తీస్తే జారిపోద్దేమోనని ఇంకో భయం. అసలు బరువే లేదు. రేకు ముక్కంత. ఏడవలా. తోలుగుడ్డలో పెట్టుకున్నా. కాళ్ళు నా పొట్టకి చల్లగా తగిలాయి. అప్పుడు కళ్ళు తెరిచి లాంతరు వంక చూసింది."

నేను రొట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాను. పిల్ల కళ్ళు తెరవలేదు. నేను దాని మొహం మీదే వంగి ఉన్నాను ఆ రోజు. నోటిదాకా వచ్చిన మాటని మింగేశాను. ఆవిస్ కర్ర పైకెత్తి, కొవ్వు కారడం ఆగేదాకా చూసి, తగిలించింది.

"మళ్ళీ చెప్పు," అంది.

అలా మొదలైంది. అతను పని అయ్యాక వచ్చి గుమ్మంలో కూర్చునేవాడు. కొన్ని రోజులు ఆమె అడిగేది, కొన్ని రోజులు అడిగేది కాదు. అడిగినప్పుడల్లా అతను అదే మాట, అదే వరసలో చెప్పేవాడు. ఇలా కొన్నేళ్ళు గడిచాయి. ఎవరికి కళ్ళుంటే వాళ్ళకి కనపడుతూనే ఉంది. చివరికి ఒకనాడు ఇద్దరూ మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"అక్కా, రెండిళ్ళకీ రెండు పొయ్యిలెందుకు అనుకుంటన్నాం," అన్నాడు థర్‌స్టన్. "మధ్యలో గోడ తీసేస్తే ఒక్కటి చాలుద్ది."

"పొయ్యి సంగతి చెప్పడానికి ఇద్దరొచ్చారా?" అన్నాను. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆవిస్ కేసి తిరిగి, "నువ్వేమంటావే?" అన్నాను.

"చాలుద్ది," అంది.

ఇంతే వాళ్ళ ప్రేమ వ్యవహారం. నాకు వరస గుర్తొచ్చింది. అడిగేశాను.

"వరస పిల్లవల్ల వచ్చింది గదక్కా," అన్నాడు. "పిల్లే లేదు. చెట్టు పోయాక నీడెక్కడిది?"

నాకది సబబుగానే తోచింది. పొయ్యి ముందు బతికేదాన్ని, శాస్త్రం నాకేం తెలుసు? వీధిలో ఎవరినడిగినా అదే అన్నారు. మా పాత అయ్యగారు అప్పటికే పోయారు. కొత్తాయన కుర్రవాడు, ఎవరు ఎవర్ని ఎత్తారో ఆయనకి తెలియదు. ఆదివారం ఆదివారం పూజలో పెళ్ళికని వీళ్ళ పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగాడు. ఒకసారి అడిగాడు, రెండుసార్లు అడిగాడు. మూడోసారి కూడా అడిగి, ఎవరూ పలకకపోయేసరికి పుస్తకం తిప్పబోతున్నాడు.

జెర్వాస్ నోట్లో నువ్వుగింజ నానదు. పైగా ఎన్నేళ్ళ కడుపుమంట!

"ఎత్తింది వీడే!" అని లేచాడు. "ఆవిస్ కూతుర్ని తొట్టిలోంచి ఎత్తింది వీడే, నా చోటులో నిలబడి!"

చర్చిలో తలలన్నీ అటు తిరిగాయి. జెర్వాస్‌కి అప్పుడు తెలిసింది తను ఏమన్నాడో. వాడికి ఆ పెళ్ళి మీద ఏ కక్షా లేదు పాపం. ఆ రోజు తన చోటు పోయిందన్న దుగ్ధ తప్ప. కొత్త అయ్యగారు తెల్లబోయి, ఇది పై అధికారులు తేల్చాల్సిందే అన్నాడు. పిల్ల చచ్చిపోయినా వరస చావదనీ, అది నీళ్ళతో పడిన ముడి అనీ, భూమ్మీద ఎవరూ విప్పలేరనీ అప్పుడు చెప్పాడు. ఆవిస్ వింది. థర్‌స్టన్ చేతిలో టోపీ మడతపెడుతూ నిలబడ్డాడు.

నేను ఊరుకోలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని మా ఆయన అంటూనే ఉన్నాడు. నేను నేరుగా జెర్వాస్ కొట్టుకెళ్ళాను.

"ఏవయ్యా మహానుభావా, నోరు పారేసుకున్నావుగా. ఇప్పుడు నువ్వే ఏరుకో. విచారణలో ఎత్తింది నువ్వే అని చెప్పు."

"అబద్ధం చెప్పమంటావా? బైబిలు మీద చెయ్యేసి?"

"నిన్ను పిలిచారా లేదా ఆ రోజు?"

"పిలిచారు."

"చోటు నీదేగా?"

"నాదే! ఎవడు కాదన్నాడు?"

"మరింకేం. చేతులు వాడివి, చోటు నీది. పెద్దదేది, చేతులా చోటా?"

వాడు ఆలోచించాడు. వాడి మొహం వెలిగిపోవడం నా కళ్ళారా చూశాను. ఇన్నేళ్ళకి వాడి చోటు వాడికి వస్తోంది. "మరి చర్చిలో వీడే అని అరిచాగా?" అన్నాడు.

"తాగున్నానని చెప్పు. నిన్నెరిగినవాళ్ళు ఎవరూ కాదనరు."

రెండో జ్ఞానతల్లి పోయింది. మిగిలిన సాక్షిని నేనే. నేనూ జెర్వాస్ పక్కనే నిలబడతానని చెప్పాను. థర్‌స్టన్‌కి నచ్చచెప్పడం కష్టమైంది. "ఎత్తలేదని ఎలా అనమంటావక్కా?" అన్నాడు. అనొద్దు, అడిగితే తల దించుకో, సిగ్గుపడుతున్నావనుకుంటారు అన్నాను. ఆవిస్ దగ్గరికెళ్తే ఆమె కొవ్వులో తేలిన చెత్త తీస్తోంది. అంతా చెప్పాను. ఆమె విని, "మీరెలాగంటే అలాగేనక్కా," అంది. ఇంక నాకు దిగులు లేకపోయింది. గోడ తీసేస్తే ఆ ఇటుకలు నాకిమ్మని కూడా అడిగాను, మా పొయ్యి నోరు పాడైపోయింది.

విచారణ మా చర్చిలోనే, ఆ తొట్టికి ఇవతలే జరిగింది. పెద్ద చర్చినుంచి వచ్చిన అధికారికి జలుబు. ప్రతి మాటకీ ముక్కు తుడుచుకుంటున్నాడు. త్వరగా తేల్చి పోదామన్న తొందర కనపడింది, అదీ మంచిదే అనుకున్నాను. ముందు జెర్వాస్‌ని పిలిచారు. గ్రంథం మీద చెయ్యి వేశాడు.

"ఎత్తింది నేనేనండి," అన్నాడు. అక్కడితో ఆపితే ఎంత బాగుండేది! ఇన్నేళ్ళు దాచుకున్న ముచ్చట, ఆపగలడా? "ఇలా రెండు చేతులా ఎత్తానండి. బొద్దుగా ముద్దొచ్చేది. నీళ్ళు తగలగానే ఒకటే గుక్క! చర్చి కప్పు ఎగిరిపోద్దేమో అనుకున్నాం. నా చేతిలోకి రాగానే ఊరుకుందండి. నా వేలు పట్టుకుని వదలదే! తండ్రిపోలికే, బుగ్గలు ఎర్రగా..."

నేను వాడి కాలు తొక్కాను. వాడు వినలేదు. అప్పుడు ఆవిస్ కేసి చూశాను. ఆమె తలెత్తి జెర్వాస్‌నే చూస్తోంది.

"ఏమమ్మా, ఇతను చెప్పింది నిజమేనా?" అన్నాడు అధికారి. అవునంటే అయిపోయేది. తల ఊపినా సరిపోయేది.

"కాదండి," అంది ఆవిస్.

ఆయన ముక్కు తుడుచుకోవడం ఆపాడు. "ఏది కాదు?"

"ఈయన చెప్పే పిల్ల నా పిల్ల కాదండి. నా పిల్ల ఏడవలేదు."

"నువ్వు అక్కడ ఉన్నావా?"

"లేనండి. మంచం మీదున్నా."

"మరి నీకెలా తెలుసు?"

ఆవిస్ థర్‌స్టన్ వైపు తిరిగింది. గొంతు ఎత్తలేదు. కొవ్వు ముంచుతూ ఎలా అడిగేదో అలాగే అడిగింది.

"థర్‌స్టన్, ఆ రోజు సంగతి చెప్పు."

అతను ఆమెను చాలాసేపు చూశాడు. చెప్తే ఏమవుతుందో అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు. నేను కళ్ళతో వద్దు వద్దంటూనే ఉన్నాను. అతను టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"తొట్టి అంచున మంచుందండి," అన్నాడు. "అయ్యగారు ముంజేత్తో పగలగొట్టాడు. నేను బల్ల దిగా..."

చివరిదాకా చెప్పాడు. లాంతరు వంక చూడడం కూడా. పక్కన రాసేవాడి కలం గీరుమంటూనే ఉంది. అధికారి, "అయితే ఎత్తింది నువ్వే," అన్నాడు. "నేనేనండి," అన్నాడు. నా వంతు రానే లేదు. ఈ జన్మలో మీకు పెళ్ళి లేదు, ఒక కప్పు కింద ఇద్దరే ఉండకూడదు అని తీర్పు చెప్పి, అధికారి గట్టిగా తుమ్మి లేచాడు. అబద్ధపు ప్రమాణం చేసినందుకు జెర్వాస్ ఆదివారం నాడు పొడుగు చొక్కాతో, వట్టికాళ్ళతో, మైనపొత్తి పట్టుకుని అందరి ముందూ నడిచాడు. దానికి కూడా గడ్డం గీయించుకునే వచ్చాడు.

ఆ సాయంత్రం ఆవిస్ ఇంటికెళ్ళి తిట్టిపోశాను. "ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారట! నీకోసం ఇంతమందిమి నరకానికి సిద్ధపడ్డాం గదే. ఒక్క అవును నోట్లోంచి రాలేదా?"

"దాని చోట ఇంకో పిల్లని పెట్టేస్తన్నాడక్కా," అంది.

"పెడితే పెట్టనీ! పోయినదానికేం తెలుస్తది? నువ్వు బతకాలిగా!"

ఆమె కర్ర మీద వత్తులు సర్దింది. "ఏడ్చిన పిల్ల అని ఒక్కసారి ఒప్పుకుంటే, ఇంక అతన్ని నేనేమని అడగను?" అంది.

నాకు కోపం పోలేదు. ఇప్పటికీ ఉంది. పోయినదాని మీద కోపం పెట్టుకోకూడదంటారు, ఉంటే నేనేం చెయ్యను? హాయిగా ఒక పొయ్యి దగ్గర ముసలివాళ్ళయ్యేవాళ్ళు.

గోడ అలాగే ఉండిపోయింది. అతను ఆమె గుమ్మంలో కూర్చోవడం మానేశాడు. అతను కొమ్ము కోస్తుంటే ఆమెకి వినపడుతుంది, ఆమె కర్ర తగిలిస్తే అతనికి వినపడుతుంది. అంతవరకే. ఏడాదికొకసారి, పండగ ముందు రోజు, ఇద్దరూ విడివిడిగా వీధి దాటి మా ఇంటికొచ్చేవాళ్ళు. ముగ్గురం ఉంటే తప్పు లేదుగా. నేను పిండి పిసుకుతుంటే ఆవిస్ బల్ల ఈ చివరా, అతను ఆ చివరా కూర్చునేవాళ్ళు. ఆమె అడిగేది. అతను చెప్పేవాడు. ఒక మాట ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆమె ముఖంలో ఏమీ కదిలేది కాదు. అయిపోయాక ఒక రొట్టె కొనుక్కుని వెళ్ళిపోయేది. అతని జుట్టు నెరిసింది. ఆమె వేళ్ళు వంకర్లు పోయాయి. మా ఆయన పోయాడు. జెర్వాస్ పోయాడు, గడ్డంతో సహా. వాళ్ళు మాత్రం రావడం మానలేదు.

ఈ చలికి ఆవిస్‌కి కూడా పిల్లకి వచ్చిన దగ్గే వచ్చింది. పోవడానికి నాలుగు రోజుల ముందే పనంతా ముగించి, కొవ్వుగిన్నె కడిగి బోర్లించి పడుకుంది. పాడె చుట్టూ మైనపొత్తులు థర్‌స్టనే కొన్నాడు. గుంట దగ్గర అందరం వెనక్కి తిరిగాక, అతను చొక్కా లోపలినుంచి ఇడోనీ అరచేతి లాంతరు తీశాడు. అందులో ఆవిస్ చేసిన కొవ్వొత్తి ముక్క పెట్టి వెలిగించాడు. చర్చి లోపల కూడదు గానీ బయట ఆకాశం కింద ఎవరేమంటారు? మట్టి మీద పెట్టాడు. గాలికి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించలేదు.

నిన్న పండగ ముందు రోజు. పొద్దున్నే వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమయ్యా?"

"ఏంలేదక్కా. కాళ్ళే ఇటొచ్చేశాయి."

వచ్చి బల్ల ఆ చివర, తన చోటులోనే కూర్చున్నాడు. ఈ చివర ఖాళీ. నేను పిండి పిసుకుతూనే ఉన్నాను. అతను చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. లేచి వెళ్ళడు. ఎంతసేపని చూస్తాను? చేతులు తుడుచుకున్నాను.

"థర్‌స్టన్, ఆ రోజు సంగతి చెప్పు," అన్నాను.

అతను ఉలిక్కిపడ్డాడు. తర్వాత మొదలుపెట్టాడు. తొట్టి అంచున మంచు, అయ్యగారి ముంజెయ్యి, కంపు చేతులు, బరువు లేని పిల్ల, తోలుగుడ్డ, చల్లటి కాళ్ళు. "అప్పుడు కళ్ళు..." అని ఆగిపోయాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆగలేదు. నా వంక చూశాడు. ఆ రోజు పక్కన నేనున్నానని ఇప్పుడే గుర్తొచ్చినవాడిలా చూశాడు.

"తెరిచిందా, అక్కా?" అన్నాడు. "నిజంగా తెరిచిందా? నాకు ఇప్పుడు తెలీడంలా."

"తెరిచింది," అన్నాను. "లాంతరు వంక చూసింది. నేను పక్కనే ఉన్నాగా."